ఇంట్లో బాడీ ఫ్యాట్ మిషన్: ఏ అంకెను నమ్మాలి, దేన్ని వదిలేయాలి?

హన్మకొండ నుంచి ఒక టీచర్ గారు అడిగిన ప్రశ్న ఇది. వయసు 42, ఎత్తు 158 సెం.మీ., బరువు 70 కిలోలు. రెండు వేలు పెట్టి ఆన్‌లైన్‌లో బాడీ ఫ్యాట్ చూపించే మిషన్ తెప్పించుకున్నారు. పొద్దున లేవగానే ఎక్కితే 36.2 శాతం, స్కూల్ నుంచి వచ్చాక ఎక్కితే 33.8 శాతం వస్తోంది. జిమ్‌లో చేతులతో కూడా పట్టుకునే పెద్ద మిషన్ మీద 39 వచ్చింది. ఇంట్లో అదే మిషన్ ఆమె భర్తకు 24 చూపిస్తోంది. "ఏది నమ్మాలి? దీన్ని పెట్టుకోవడం దండగా? రిటర్న్ ఇచ్చేయనా?" అని అడిగారు.

టీచర్ గారూ, ముందు సూటిగా చెప్పేస్తాను. బరువు చూసుకోవడానికి ఆ మిషన్ బాగా పనికొస్తుంది. కొవ్వు శాతం అని చూపించే అంకెను మాత్రం మీ ఒంట్లో నిజంగా ఉన్న కొవ్వు అనుకోకండి. ఎప్పుడూ ఒకే పద్ధతిలో చూసుకుంటూ పోతే, రెండు మూడు నెలల్లో అది పైకి పోతోందా కిందికి వస్తోందా అన్నది కొంతవరకు తెలుస్తుంది. దాని ఉపయోగం అంతవరకే. ఇంకా కొననివాళ్లు నన్ను అడిగితే, మామూలు డిజిటల్ బరువు మిషన్, దర్జీ వాడే టేపు చాలని చెబుతాను.

నేను ఇక్కడే డైటీషియన్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. షుగర్, థైరాయిడ్, పీసీఓడీ, అధిక బరువు సమస్యలతో హన్మకొండ, కాజీపేట నుంచే కాకుండా పరకాల, జనగామ, హుజూరాబాద్, మంచిర్యాల వైపు నుంచి కూడా వస్తుంటారు. ఇదివరకు వచ్చి కూర్చోగానే రక్తపరీక్ష కాగితాలు తీసేవాళ్లు. ఇప్పుడు చాలామంది ఫోన్ తీసి యాప్‌లో గ్రాఫ్ చూపిస్తున్నారు. అందులో పదమూడు పద్నాలుగు అంకెలు ఉంటాయి, సగం ఎర్ర రంగులో ఉంటాయి, మనిషి ముఖం నిండా టెన్షన్ ఉంటుంది. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను. ఇదే సందేహం ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

ఆ మిషన్ అసలు ఏం కొలుస్తుంది?

చెప్పులు, సాక్సులు లేకుండా దాని మీద నిలబడినప్పుడు పాదాల కింద ఉండే లోహపు పలకల్లోంచి చాలా చిన్న కరెంటు, ఒక మిల్లీ ఆంపియర్ కంటే తక్కువ, ఒక కాలి గుండా ఎక్కి రెండో కాలి గుండా దిగుతుంది. మనకు తెలియను కూడా తెలియదు. కండలో నీళ్లు, లవణాలు ఎక్కువ కాబట్టి అందులో కరెంటు తేలిగ్గా పోతుంది. కొవ్వులో నీళ్లు తక్కువ, అందుకని అడ్డు తగులుతుంది. ఆ అడ్డు ఎంత ఉందో మిషన్ చూస్తుంది. నిజంగా కొలిచేవి రెండే: మీ బరువు, ఆ అడ్డు. మిగతాదంతా లెక్క. అడ్డును బట్టి ఒంట్లో నీళ్లు ఎన్నో అంచనా కడుతుంది. కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీళ్లు ఉంటాయన్న లెక్కతో కండ, ఎముక, అవయవాలు అన్నీ కలిపి ఎన్ని కిలోలో తేలుస్తుంది. బరువులోంచి దాన్ని తీసేస్తే మిగిలింది కొవ్వు అని చెబుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తికి తేమ చూసే మిషన్‌ను దగ్గరగా చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పత్తిలో గుచ్చగానే కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి తేమ శాతం చూపిస్తుంది. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర ఇస్తారు, ఆపైన కోత పెడతారు, 12 దాటితే కొనరు. కాబట్టి రైతుకు ఆ అంకె ప్రాణం. ఒకే బస్తాలో పైన గుచ్చితే ఒకటి, లోపలికి గుచ్చితే ఇంకొకటి వస్తుందని, మంచు పడ్డ పొద్దున ఒకలా, ఎండెక్కాక ఇంకోలా ఉంటుందని ఏ రైతునడిగినా చెబుతాడు. మీ ఇంట్లో మిషన్ కూడా చూసేది తేమనే. పైగా ఆ తేమను చూసి, తాను నేరుగా చూడనిదాన్ని, అంటే కొవ్వును, ఊహించి చెబుతోంది. రెండు మెట్లు దాటి వచ్చిన అంకె అది.

ఆ ఊహకు మీ ఎత్తు, వయసు, ఆడా మగా అన్నవి కూడా కలుస్తాయి. ఎంతగా కలుస్తాయో మీరే చూడవచ్చు. ఒకసారి మిషన్ ఎక్కి అంకె రాసుకోండి. దిగి, యాప్‌లో మీ వయసు 42 బదులు 22 అని మార్చి మళ్లీ ఎక్కండి. తర్వాత ఎత్తు 158 బదులు 168 పెట్టి ఎక్కండి. ఆడ బదులు మగ అని పెట్టి చూడండి. చాలా మిషన్లలో అథ్లెట్ మోడ్ అని ఒకటి ఉంటుంది, అదీ నొక్కి చూడండి. నేను నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇది ఎదురుగానే చేసి చూపిస్తాను. అయిదు నిమిషాల్లో మీ ఒంట్లో ఒక్క గ్రాము కూడా మారదు. పాదాల గుండా పోయిన కరెంటు అదే, దానికి తగిలిన అడ్డు అదే. కానీ స్క్రీన్ మీద కొవ్వు శాతం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, ఆడ నుంచి మగకు మార్చినప్పుడైతే బాగా పడిపోతుంది. అది చూశాక చాలామందికి సగం భయం పోతుంది.

పొద్దున 36.2, సాయంత్రం 33.8 ఎలా?

ఈ తేడాను ఒకసారి కిలోల్లోకి మార్చి చూద్దాం. 70 కిలోల మీద 36.2 శాతం అంటే 25.3 కిలోల కొవ్వు. 33.8 శాతం అంటే 23.7 కిలోలు. పొద్దుటికీ సాయంత్రానికీ కిలోన్నర పైగా కొవ్వు మాయమైందన్నమాట. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చవ్వాలి. ఈ లెక్కన మీరు ఒక్క రోజులో 12 వేలకు పైగా క్యాలరీలు కరిగించారని మిషన్ చెబుతోంది. అది మీరు వారం రోజులు తినే తిండితో దాదాపు సమానం. జరిగే పని కాదు.

జరిగింది వేరు. మీరు టీచర్, రోజంతా నిలబడే ఉంటారు. సాయంత్రానికి నీరు కాళ్లలోకి దిగుతుంది, కొందరికి సాక్సుల గుర్తులు పడేది అందుకే. మీ మిషన్ కరెంటు పోయేది కాళ్ల గుండానే. కాళ్లలో నీరు పెరిగితే అడ్డు తగ్గుతుంది, అడ్డు తగ్గితే కొవ్వు తగ్గినట్టు లెక్క వస్తుంది. రాత్రంతా పడుకున్నాక ఆ నీరు ఒళ్లంతా సర్దుకుంటుంది, పొద్దున పాదాలు చల్లగా, పొడిగా ఉంటాయి, అడ్డు ఎక్కువగా కనిపిస్తుంది. రెండింట్లో ఏదీ అబద్ధమని కాదు, ఏదీ నిజమనీ కాదు. మీరు చూసుకోవాల్సింది ఒకే వేళ, పొద్దున వచ్చే అంకెనే. సాయంత్రం ఎక్కడం ఈ రోజు నుంచే మానేయండి.

అంకెను అటూ ఇటూ లాగేవి ఇంకా ఉన్నాయి. వ్యాయామం చేసి రాగానే ఎక్కితే చర్మం వేడిగా ఉండి తక్కువ చూపిస్తుంది. ఎక్కే ముందు లీటరు నీళ్లు తాగితే బరువు కిలో పెరుగుతుంది, కానీ పొట్టలో ఉన్న ఆ నీళ్లు కాళ్ల మధ్య పోయే కరెంటుకు పెద్దగా తగలవు, కాబట్టి ఆ కిలోలో చాలా భాగాన్ని కొవ్వు కింద జమ కట్టే అవకాశం ఉంది. నెలసరికి ముందు ఒంట్లో నీరు నిలిచే ఆడవాళ్లకు ఆ వారం అంకెలన్నీ వేరుగానే ఉంటాయి. సంక్రాంతికి సకినాలు, గారెలు ఉప్పుఉప్పుగా తిన్న మర్నాడు కూడా అంతే. చలికాలంలో మడమలు పగిలి గట్టిపడ్డవాళ్లకు పాదం పలకకు సరిగా ఆనక ఎక్కువ చూపించవచ్చు. పొలం పని చేసే ఆడవాళ్లలో ఇది బాగా చూస్తాను.

జిమ్‌లో 39 ఎందుకొచ్చింది?

ఆ మిషన్‌కు చేతుల దగ్గర, పాదాల దగ్గర కలిపి ఎనిమిది ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కరెంటు చేతుల నుంచి నడుము భాగం గుండా కూడా పోతుంది. మీ ఇంట్లోదానికి పాదాలే దిక్కు. కాళ్లూ నడుము కింది భాగమే అది ఎక్కువగా చూస్తుంది, పైభాగాన్ని ఊహిస్తుంది. కాళ్లు సన్నగా ఉండి పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవాళ్లకు ఇంట్లో మిషన్ తక్కువ చూపించడం నాకు మామూలుగా కనిపించే విషయం. అయితే జిమ్ మిషన్ కూడా అంచనాయే కడుతుంది, కాస్త మెరుగైన అంచనా. అన్నిటికంటే నమ్మదగ్గది డెక్సా స్కాన్. ఎముకల సాంద్రత చూసే మిషనే అది, ఎక్స్‌రే కిరణాలతో కొవ్వు, కండ, ఎముకలను విడదీసి చూపిస్తుంది. రేడియేషన్ చాలా తక్కువే. కానీ దానికీ ఒకటి రెండు శాతం తేడా ఉంటుంది, పైగా బరువు తగ్గాలనుకునే మామూలు మనిషికి దాని అవసరం లేదు. దానికోసం హైదరాబాద్ పోయి డబ్బులు పెట్టమని నేనెవరికీ చెప్పను.

2021లో ఫ్రాన్స్‌లో పరిశోధకులు మార్కెట్‌లో దొరికే మూడు స్మార్ట్ స్కేళ్లను డెక్సాతో పోల్చి చూశారు. బరువు మూడూ బాగానే చూపించాయి. కొవ్వు దగ్గరికి వచ్చేసరికి కిలోల్లో తేడా వచ్చింది. నేను చూసే అనుభవమూ అదే. ఒక్కో మనిషి విషయంలో నాలుగైదు శాతం అటో ఇటో పోవడం వింతేమీ కాదు. వంద మందిని కలిపి సగటు తీస్తే దగ్గరగానే ఉండవచ్చు, కానీ ఆ వంద మందిలో మీరు ఎక్కడ ఉన్నారో మిషన్‌కు తెలియదు.

కొవ్వు సంగతి పట్టించుకోవాల్సిన పనే లేదా అంటే, తప్పకుండా ఉంది

మన విషయంలో మరీ ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫోటో వేసి ఒక చిన్న వ్యాసం రాశారు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, సరిగ్గా 22.3. కానీ కొవ్వు శాతం యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. అంటే ఎత్తుకు తగ్గ బరువే ఉన్నా, చూడ్డానికి సన్నగానే ఉన్నా, మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే 2009లో మన దేశ నిపుణులు బీఎంఐ హద్దులు తగ్గించారు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మీ బీఎంఐ 28, కాబట్టి కొవ్వు మిషన్ 33 చూపినా 39 చూపినా మీరు చేయాల్సిన పని ఒక్కటే: బరువు తగ్గాలి. ఆ నిర్ణయానికి రావడానికి ఆ శాతం అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్ల శరీరతత్వం వేరు కాబట్టి, ఎక్కడో వేరే జనాల మీద తయారైన లెక్క మనకు సరిగ్గా అతకదు. మీ మిషన్‌లో ఉన్న లెక్క ఎవరిని పరీక్షించి కట్టారో పెట్టె మీద రాసి ఉండదు.

గోదావరిఖని నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. సింగరేణిలో చేసి రిటైరయ్యారు. ఎత్తు 165, బరువు 61 కిలోలు, బీఎంఐ 22 చిల్లర. ఏళ్ల తరబడి గనిలో నడిచి, ఎక్కి దిగి కాళ్లు గట్టిగా ఉన్నాయి. కొడుకు కొనిచ్చిన మిషన్ మీద ఆయన కొవ్వు శాతం ఆకుపచ్చ రంగులో, నార్మల్ అని వచ్చేది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 8 దాటి ఉందని తెలిసి నా దగ్గరికి పంపారు. "మిషన్ల నార్మలే సూపిచ్చింది గదా మేడం, మరి షుగర్ ఎట్లొచ్చె?" అని అడిగారు. టేపు తీసి నడుము కొలిస్తే 96 సెం.మీ. వచ్చింది. మగవాళ్లకు 90 దాటకూడదు. గట్టి కాళ్ల గుండా పోయిన కరెంటుకు ఆ పొట్ట కనిపించలేదు. కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరే ఆ లోపలి కొవ్వే షుగర్‌కు, బీపీకి, ఫ్యాటీ లివర్‌కు దారితీసేది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేసిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవాళ్లు 28.6 శాతం, నడుము కొలత ప్రకారం పొట్ట పెరిగినవాళ్లు 39.5 శాతం. బరువు మిషన్ మీద తేలనివాళ్లు టేపు పెడితే తేలుతున్నారన్నమాట. మీ మిషన్ రెండు వేలు, టేపు ఇరవయ్యో ముప్పయ్యో. మన ఆరోగ్యం గురించి టేపే ఎక్కువ చెబుతుంది.

టేపు ఎలా పెట్టాలో చాలామందికి తెలియదు. చీర కట్టే చోటో ప్యాంటు బెల్టు దగ్గరో పెడతారు. ప్యాంటును పొట్ట కిందికి జార్చి కట్టుకునే మగవాళ్లకు అక్కడ ఎప్పుడూ అదే కొలత వస్తుంది, పొట్ట మాత్రం పైన పెరుగుతూనే ఉంటుంది. పక్కటెముకల్లో అన్నిటికన్నా కింద ఉన్నదాన్ని వేలితో తడిమి పట్టుకోండి. పక్కకు తుంటి ఎముక పైఅంచు తగులుతుంది, దాన్నీ పట్టుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టూ తిప్పండి. వెనకాల కిందికి జారకుండా అద్దంలో చూసుకోండి లేదా ఇంట్లో ఎవరినైనా పట్టుకోమనండి. బట్ట మీద నుంచి వద్దు. పొట్ట లోపలికి బిగించకుండా, మామూలుగా ఊపిరి వదిలి, ఆ వదిలిన క్షణంలో చూడండి. టేపు ఒంటికి ఆనాలి, చర్మాన్ని నొక్కకూడదు. రెండుసార్లు కొలవండి. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెం.మీ. హద్దు. ఇంకో తేలిక లెక్క, నడుము మీ ఎత్తులో సగానికి మించకూడదు. మీ ఎత్తు 158 కాబట్టి 79.

ఇక మిషన్‌ను ఎలా వాడుకోవాలి?

పొద్దున లేచి, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, టీ కూడా తాగకముందు ఎక్కండి. పాదాలను తడిబట్టతో ఒకసారి తుడుచుకోండి, మరీ తడిగా ఉండొద్దు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. మన పాత ఇళ్లలో షాబాద్ బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, వాటి మీద మిషన్ కదిలితే బరువే తప్పు వస్తుంది. టైల్స్ ఉన్న గదిలో ఒకే చోట పెట్టి అక్కడి నుంచి కదపకండి. మెట్టెలు, పట్టీలు తీయాలా అని అడుగుతుంటారు. తీస్తే ప్రతిసారీ తీయండి, ఉంచుకుంటే ప్రతిసారీ ఉంచుకోండి. యాప్‌లో ఎత్తు ఒకసారి గోడకు నిలబడి సరిగ్గా కొలిచి పెట్టండి, మళ్లీ మార్చకండి. ఇంట్లో ఎవరికి వారికి వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. కొన్ని మిషన్లు బరువును బట్టి మనిషిని గుర్తుపడతాయి, దగ్గర దగ్గర బరువున్న అక్కాచెల్లెళ్ల లెక్కలు కలిసిపోవడం నేను చూశాను.

ఎన్నాళ్లకు మార్పు కనిపిస్తుందో కూడా ముందే తెలుసుకోండి. మీ ఒంట్లో 25 కిలోల కొవ్వు ఉందనుకుందాం, అంటే 35.7 శాతం. వారంలో అరకిలో కొవ్వు తగ్గితే, అది చాలా మంచి వేగం, 24.5 కిలోల కొవ్వు, 69.5 కిలోల బరువు. శాతం 35.3 అవుతుంది. వారమంతా కష్టపడితే 0.4 మారింది. మీ మిషన్ ఒక్క రోజులోనే 2.4 అటూ ఇటూ ఊగుతోంది. ఆ ఊపులో 0.4 ఎక్కడ కనిపిస్తుంది? కాబట్టి రోజూ చూసి సంబరపడొద్దు, బాధపడొద్దు. వారానికి మూడు నాలుగు సార్లు చూసి ఆ వారం సగటు రాసుకోండి. నెల సగటును నెల సగటుతో పోల్చండి. బరువు, నడుము, కొవ్వు శాతం మూడూ ఒకే దారిలో పోతుంటే సరే. కొవ్వు శాతం ఒక్కటే అడ్డం తిరిగితే మిగతా రెండింటినీ నమ్మండి.

ఇలా అడ్డం తిరగడం ఎంత మామూలో ఒక కేసు చెబుతాను. ఒక బ్యాంకు ఉద్యోగి, మే నెల ఎండల్లో మొదలుపెట్టారు. రాత్రి అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలు, పప్పు, కూర. పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక. మూడు వారాల్లో 84 నుంచి 81కి వచ్చారు. మిషన్ మాత్రం కొవ్వు 29 నుంచి 30.5కి పెరిగిందని చూపించింది. కండంతా కరిగిపోతోందని భయపడి డైట్ ఆపేస్తానని వచ్చారు. కారణం ఇది: అన్నం తగ్గించిన మొదటి వారాల్లో ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజన్, అంటే దాచుకున్న పిండిపదార్థం, తగ్గుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా పోతుంది. దానికి తోడు ఎండకు చెమట. నీరు తగ్గితే అడ్డు పెరుగుతుంది, మిషన్ దాన్ని కండ పోయినట్టు, కొవ్వు పెరిగినట్టు లెక్క కట్టింది. నడుము చూస్తే 102 నుంచి 97కి వచ్చింది. ఆపొద్దని చెప్పి, నీళ్లు, మజ్జిగ, మధ్యాహ్నం గుడ్డో శనగలో పెంచాము. వానలు పడ్డాక మిషన్ కూడా దిగడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆయన ఆ అంకెను నమ్మి ఆపేసి ఉంటే అయిదు సెంటీమీటర్లు తగ్గిన నడుము మళ్లీ మొదటికొచ్చేది.

యాప్‌లో ఉండే మిగతా అంకెల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎముకల బరువు, ప్రొటీన్ శాతం, మెటబాలిక్ ఏజ్, విసరల్ ఫ్యాట్ (పొట్ట లోపలి కొవ్వు), ఇవేవీ విడిగా కొలిచినవి కావు. ఉన్న రెండు కొలతల్లోంచే వేర్వేరు లెక్కలు. ఎముకల బరువు తక్కువ వచ్చిందని కాల్షియం మాత్రలు మొదలుపెట్టకండి. మెటబాలిక్ ఏజ్ 55 అని వస్తే కుంగిపోకండి. ఆ పేజీ తెరవకపోతేనే మంచిది.

ఎవరు వాడకూడదు?

గుండెకు పేస్‌మేకర్ లాంటి పరికరం ఉన్నవాళ్లు కొవ్వు చూసే మోడ్‌లో అసలు ఎక్కకూడదు. చిన్న కరెంటే అయినా ఆ రిస్క్ వద్దు. గర్భిణులు కూడా వాడొద్దు, వాడినా ఆ అంకెకు అర్థం ఉండదు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు, కాళ్లవాపు ఉన్నవాళ్లకు ఈ లెక్క పూర్తిగా తప్పుతుంది. మన వైపు బోదకాలు ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఒక అక్కకు మిషన్ 22 శాతం చూపించింది, ఆమె నడుము 98. వాచిన కాలిలోని నీటి గుండా కరెంటు తేలిగ్గా పోవడం వల్ల వచ్చిన అంకె అది. ఇంట్లోవాళ్లు "నీకేం కొవ్వు లేదు" అని ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం వాయిదా వేస్తూ వచ్చారు.

ఇంకొకరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తిండి విషయంలో ఇప్పటికే భయం ఉన్న పిల్లలు. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయిని తల్లి తీసుకొచ్చింది. రోజుకు నాలుగైదు సార్లు మిషన్ ఎక్కుతోంది, అంకె ఎక్కువ వస్తే ఆ పూట తినడం మానేస్తోంది. నెలసరి ఆగిపోయింది. ఆ ఇంట్లో మిషన్‌ను తీసేయమన్నాను, తల్లితో మాట్లాడి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే మిషన్‌ను హాల్లో అందరికీ కనబడేలా పెట్టకండి. వాళ్ల అంకెల గురించి బంధువుల ముందు మాట్లాడకండి.

అరవై దాటినవాళ్లకు, ఈ మధ్య బరువు తగ్గే ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లకు కండ పోతోందా అన్న ప్రశ్న నిజంగా ముఖ్యమైంది. దానికి కూడా ఇంటి మిషన్‌లోని మజిల్ అంకె మీద ఆధారపడొద్దు. చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. పెద్దవాళ్లలో దానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కండబలం గురించి ఆలోచించాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో చెప్పారు. పడిపోతారన్న భయముంటే పక్కన ఒకరు నిలబడాలి. ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు ప్రొటీన్, బరువులెత్తే వ్యాయామం గురించి డాక్టర్‌ను తప్పక అడగాలి.

ఇక మీ వారి 24, మీ 36 గురించి. ఈ రెండింటినీ పోల్చకండి టీచర్ గారూ. ఆడవాళ్ల శరీరంలో కొవ్వు సహజంగానే మగవాళ్లకన్నా పది శాతం దాకా ఎక్కువ ఉంటుంది, పిల్లల్ని కనే శరీరానికి అది అవసరం. మగవాళ్లకు 25, ఆడవాళ్లకు 30 నుంచి 35 దాటితే ఎక్కువని సాధారణంగా అంటారు కానీ, అందరూ ఒప్పుకున్న ఒక్క హద్దు లేదు. ఆయన 24 చూసి నిశ్చింతగా ఉన్నారేమో, గోదావరిఖని పెద్దాయన సంగతి చెప్పి ఆయన నడుము కూడా కొలవండి. 90 దాటితే ఇద్దరూ కలిసి పరీక్షలు చేయించుకోండి.

మిషన్ రిటర్న్ ఇవ్వాలా అంటే, గడువు ఇంకా ఉండి, ఆ అంకె చూసినప్పుడల్లా మనసు పాడవుతుంటే ఇచ్చేసి ఏడెనిమిది వందల్లో మామూలుది తీసుకోండి. అంకెను అంకెగా చూసి పక్కన పెట్టగలిగితే ఉంచుకోండి. జిమ్‌లోదాన్ని ఇంట్లోదాంతో పోల్చకండి, జిమ్ అంకెను మూడు నెలల తర్వాత వచ్చే జిమ్ అంకెతోనే పోల్చండి. ఈలోగా పరగడుపు షుగర్, మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్ పరీక్ష, థైరాయిడ్, బీపీ చూపించుకోండి. 42 ఏళ్ల వయసులో, బీఎంఐ 28 ఉన్నప్పుడు ఇవి ఏ మిషన్ కంటే ముందు కావాలి. నడుము పైన చెప్పినట్టు కొలిచి, ఆ రిపోర్టులు, మీరు మామూలుగా ఒక రోజులో ఏ పూట ఏం తింటారో ఇక్కడే కింద రాయండి. చూసి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.